గట్టు మీది వాక్కాయ, రేగు, నేరేడు కాపు తగ్గిందా? ఎరువు వేసే ముందు ఎండ చూడండి

పొలం గట్ల మీద, కంచె వెంట, బీడు చెలకల్లో తమంతట తామే మొలిచే పండ్ల మొక్కలు మనకు చాలానే ఉన్నాయి. వాక్కాయ, కలివి, రేగు, జిట్రేగు, నేరేడు వీటిలో ముఖ్యమైనవి. ఒకప్పుడు పిల్లలు ఏరుకుని తినడానికే అనుకున్న ఈ కాయలకు ఇప్పుడు సంతలోనూ, పట్నంలోనూ మంచి గిరాకీ ఉంది. అందుకే చాలామంది చిన్న రైతులు వీటిని గట్ల మీద నాటుకుంటున్నారు, ఉన్న పొదలను కాపాడుకుంటున్నారు.

అయితే మండలంలో ఎక్కడికి వెళ్లినా మాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. "సార్, చెట్టు బ్రహ్మాండంగా ఉంది, ఆకు నల్లగా ఉంది, కాయ మాత్రం లేదు. ఏ మందు కొట్టాలి?" అని అడుగుతారు. కొందరు అప్పటికే రెండు దఫాలు యూరియా వేసి ఉంటారు. ఇంకొందరు విసిగిపోయి పొదను పీకేద్దామనుకుంటారు. ఇలాంటి మొక్కల్లో చాలావాటికి అసలు లోపం ఎరువులోనూ ఉండదు, నీటిలోనూ ఉండదు. వాటికి చాలనిది ఎండ. ఎండ లోపాన్ని ఎరువుతో పూడ్చలేం. ఖర్చు పెట్టే ముందు, చెట్టు కొట్టే ముందు మీ మొక్కకు వెలుగు ఎంత అందుతోందో చూసుకోవాలి. అది ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఎండ లోపమా, ఎరువు లోపమా? పొదలోనే పరీక్ష

దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. కాపు కాలంలో పొద చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఎండ తగిలే వైపు కొమ్మల్లో కాయలు ఉండి, నీడ వైపు కొమ్మలు ఖాళీగా ఉంటే అది ఎండ లోపమే. ఎందుకంటే రెండు వైపులకూ వేరు ఒకటే, నేల ఒకటే, నీరు ఒకటే. తేడా వెలుగు ఒక్కటే. అలా కాకుండా అన్ని వైపులా ఒకేలా కాపు తగ్గి, ఆకులు పసుపు రంగుకు తిరిగి, కొత్త చిగురు రాకుండా ఉంటే అప్పుడు నేల, నీరు, పోషకాల గురించి ఆలోచించాలి.

రెండో పరీక్ష. మబ్బు లేని రోజున ఉదయం 8, 10, మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4 గంటలకు మొక్క దగ్గరకు వెళ్లి ఎండ నేరుగా పడుతోందా, నీడ ఉందా అని ఒక కాగితం మీద రాసుకోండి. కాపుకు వచ్చే పండ్ల మొక్కకు రోజుకు 6 గంటలకు తగ్గకుండా నేరుగా ఎండ తగలాలి. ఐదు సార్లలో మూడు సార్లు నీడలో కనిపిస్తే ఆ చోట మంచి కాపు ఆశించలేం.

నీడలో మొక్క ఏం చేస్తుంది?

ఆకు తన ఆహారాన్ని ఎండతోనే తయారు చేసుకుంటుంది. ఆ ఆహారంలో మొదటి వాటా బతకడానికి, ఆ తర్వాత వాటా పెరగడానికి పోతుంది. మిగిలిందే పూతకు, కాయకు అందుతుంది. నీడలో తయారయ్యే ఆహారం తక్కువ కాబట్టి మొక్క బతుకుతుంది, ఆకు వేస్తుంది, కాయ దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. అందుకే నీడలోని పొద పచ్చగా కనిపిస్తూనే గొడ్డుపోతుంది.

గోడ నీడకు, చెట్టు నీడకు తేడా ఉంది. పైనున్న చెట్టు ఆకులు ఎండలోని ఎర్ర వెలుగును తమ అవసరానికి పీల్చుకుని, మొక్కలు ఆహార తయారీకి అంతగా వాడుకోలేని వెలుగును కిందికి వదులుతాయి. కింద ఉన్న మొక్క ఈ తేడాను పసిగడుతుంది. "నా పైన వేరే మొక్క ఉంది, దాన్ని దాటి పోవాలి" అన్నట్టుగా ఒక్కసారిగా పైకి సాగుతుంది. అప్పుడు కనిపించే లక్షణాలు ఇవి:

- కణుపుల మధ్య దూరం పెరిగి కొమ్మలు సన్నగా, పొడవుగా వాలిపోతాయి.
- ఆకులు వెడల్పుగా, పలుచగా మారతాయి. ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి.
- పక్క కొమ్మలు తగ్గుతాయి. పొద అడుగు భాగం ఖాళీ అవుతుంది.
- పూత ఆలస్యంగా, పలుచగా వస్తుంది. వచ్చిన పిందె కూడా చాలావరకు రాలిపోతుంది.
- కాయ రంగు, తీపి తగ్గుతాయి.

ఈ దశలో యూరియా వేస్తే మొక్క ఇంకా ఆకు వేస్తుంది. ఆ ఆకు లోపలి కొమ్మలకు మరింత నీడ పడుతుంది. అంటే మనం డబ్బు పెట్టి నీడను పెంచుకున్నట్టే.

వెలుగును అడ్డుకునేవి చెట్లే కావు. రోడ్డు పక్కన, ఇటుక బట్టీల దగ్గర, క్వారీల దగ్గర ఆకుల మీద పేరుకునే దుమ్ము కూడా వెలుగును ఆపుతుంది. నీటి వసతి ఉంటే ఎండాకాలంలో పూతకు ముందు ఒకటి రెండు సార్లు ఆకులను కడగడం మంచిది. పొద మీద అల్లుకున్న తీగలు ఇంకో కారణం. మామూలు తీగలను మొదలు దగ్గర కోసి లాగేస్తే చాలు. కానీ ఆకు లేకుండా పసుపు దారాల్లా అల్లుకునే బంగారు తీగ వేరు. అది కొమ్మలోకి దిగి రసం పీలుస్తుంది. దాన్ని పట్టిన కొమ్మతో సహా కోసి, గింజ కట్టకముందే కాల్చేయాలి. తుంచి పక్కన పారేస్తే ఆ ముక్క మళ్లీ ఇంకో పొదను పట్టుకుంటుంది.

జూన్ నెల ఎండ వేరు, డిసెంబరు ఎండ వేరు

మొక్క నాటేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. మనం మొక్కలు నాటేది తొలకరి తర్వాత జూన్, జూలైలో. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. చెట్టు నీడ చెట్టు కిందే ఉంటుంది. దాంతో పెద్ద చెట్టుకు పక్కనే ఉన్న చోటు కూడా మంచి ఎండ చోటులా కనిపిస్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. నీడలు ఉత్తరం వైపు సాగుతాయి.

హైదరాబాదు, ఏలూరు, విజయవాడ చుట్టుపక్కల 30 అడుగుల వేపచెట్టు ఉందనుకోండి. మధ్యాహ్నం వేళ దాని చిటారు కొమ్మ నీడ సుమారుగా ఇలా పడుతుంది:

- జూన్ మూడో వారంలో: దక్షిణం వైపు 3 నుంచి 4 అడుగులు.
- మార్చి మూడో వారంలో: ఉత్తరం వైపు 9 అడుగులు.
- డిసెంబరు మూడో వారంలో: ఉత్తరం వైపు 25 అడుగులు.

డిసెంబరు నీడ తిరుపతి వైపు కొంచెం తక్కువగా, ఆదిలాబాద్ వైపు కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఉదయం, సాయంత్రం నీడలు ఇంకా పొడవుగా ఉంటాయి. గుర్తు పెట్టుకోవడానికి సులువైన లెక్క: చలికాలంలో మధ్యాహ్నం నీడ పొడవు చెట్టు ఎత్తుకు కొంచెం తక్కువ.

ఇది ఎందుకు ముఖ్యం? రేగు కాయ పెరిగేది నవంబరు నుంచి జనవరి వరకు. సరిగ్గా నీడలు పొడవుగా ఉండే కాలం అదే. జూన్‌లో ఎండ చూసి వేపచెట్టుకు ఉత్తరాన 15 అడుగుల దూరంలో రేగు నాటితే, కాయ ఊరే రోజుల్లో దానికి మధ్యాహ్నపు ఎండ అందదు. అదే రేగును చెట్టుకు దక్షిణం వైపు, కొమ్మలకు, వేర్లకు దూరంగా నాటితే మధ్యాహ్నం నీడ బెడద ఉండదు. కాబట్టి నాటే చోటును జూన్‌లో కాకుండా అంతకు ముందు డిసెంబరులోనే చూసి, కర్ర పాతి గుర్తు పెట్టుకోండి.

వరుసల విషయంలోనూ ఇదే లెక్క. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం వరకు సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఉంటాడు. తూర్పు పడమరలుగా ఉన్న దట్టమైన కంచెకు ఉత్తరపు ముఖం మీద ఈ ఆరు నెలలూ నేరుగా ఎండ పడదు. ఉత్తర దక్షిణాలుగా ఉన్న వరుసకు ఉదయం ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు ఎండ తగులుతుంది. తోటగా వేసేవారు వరుసలను ఉత్తర దక్షిణాలుగా పెట్టుకోవాలి. గట్టు ఎటు ఉంటే అటే నాటుకోవాల్సిన వారు, తూర్పు పడమర గట్టు మీద మొక్కల మధ్య దూరం పెంచి, ఎత్తు తగ్గించి ఉంచుకోవాలి.

వాక్కాయ, కలివి

కలివి సహజంగా ఎక్కడ పెరుగుతుందో చూస్తే దాని అవసరం అర్థమవుతుంది. కడప జిల్లా లంకమల వైపు చిట్టడవుల్లో ముళ్ల పొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉంటాయి. 1986లో శాస్త్రవేత్తలకు మళ్లీ కనిపించిన కలివి కోడి ఉండేది అలాంటి చోటే. ఆ పక్షికి పేరిచ్చింది ఈ పొదే. పెద్ద చెట్ల దట్టమైన అడవి లోపల కాకుండా, ఎండ నేల దాకా పడే చోట్ల ఈ పొదలు బాగా వస్తాయి. తోటల్లో పెంచే వాక్కాయ కూడా అదే జాతికి దగ్గరి చుట్టం. దానికీ నిండు ఎండే కావాలి.

వాక్కాయలో పూత కొమ్మ చివర గుత్తులుగా వస్తుంది. జనవరి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పూత, జూలై నుంచి సెప్టెంబరు దాకా కాయ. ఇందులో రైతులు గమనించాల్సిన విషయాలు రెండు.

మొదటిది, కంచె అందంగా ఉండాలని ఏడాది పొడవునా కత్తిరిస్తూ ఉంటే పూత వచ్చే కొనలన్నీ పోతాయి. కాయ కావాలంటే కత్తిరింపు ఏడాదికి ఒక్కసారే, కోత అయిన వెంటనే సెప్టెంబరు, అక్టోబరులో చేయాలి. ఆ తర్వాత వచ్చిన చిగురు ముదిరి పూతకు సిద్ధమవుతుంది. డిసెంబరు తర్వాత కత్తెర పెట్టవద్దు.

రెండోది, కత్తిరించే ఆకారం. చాలా కంచెలు పైన గొడుగులా విచ్చుకుని అడుగున బోడిగా ఉంటాయి. పై భాగం నీడ కింది కొమ్మలను చంపేస్తుంది. తర్వాత ఆ సందుల్లోంచే మేకలు, పందులు దూరతాయి. అడుగు భాగం వెడల్పుగా, పై భాగం సన్నగా ఉండేలా కత్తిరించాలి. అప్పుడు ఎండ మొదలు దాకా పడుతుంది. కాయా దక్కుతుంది, కంచే గట్టిగా ఉంటుంది. ఇప్పటికే అడుగు ఖాళీ అయిన పొదను మూడు భాగాలు అనుకుని, ఏటా ఒక భాగం ముసలి కొమ్మలను మొదలు దగ్గర తీసేస్తూ మూడేళ్లలో కొత్త చేసుకోండి. ఒకేసారి నరికితే రెండేళ్లు కాపు పోతుంది, కంచెకు గండి పడుతుంది.

కంచె కోసమైతే 2 నుంచి 3 అడుగుల దూరంలో, కాయ కోసమే అయితే 10 నుంచి 12 అడుగుల దూరంలో నాటాలి. కంచెలో మొక్కకు వచ్చే కాయ, విడిగా ఎండలో ఉన్న మొక్కకు వచ్చే కాయ కంటే తక్కువగానే ఉంటుంది. రెండూ ఒకే మొక్క నుంచి పూర్తిగా ఆశించవద్దు.

ఎండ తగిలిన వైపు వాక్కాయ చెంప ఎర్రబడుతుంది. పచ్చళ్లకు, పప్పులోకి, బేకరీలో కేకుల మీద పెట్టే ఎర్రటి "చెర్రీ"ల తయారీకి గట్టి కాయ కావాలి. రసానికి, జామ్‌కు పండిన కాయ కావాలి. అందుకే కోతను రెండు మూడు దఫాలుగా, ఎండ వైపు కాయతో మొదలుపెట్టి చేసుకోండి. కాడ తుంచితే తెల్లటి జిగురు పాలు కారతాయి, ముళ్లు గట్టివి. చేతులకు తొడుగులు వేసుకోవాలి.

రేగు

భోగి నాటికి పిల్లల తల మీద పోయడానికి రేగు పండ్లు కావాలి. అంటే డిసెంబరు, జనవరిలో కాయ నిండాలి. రేగు పూత ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల మీద, ఆకు మొదళ్ల దగ్గర వస్తుంది. పాత కొమ్మ నేరుగా కాయదు. కాబట్టి ఏటా కొత్త కొమ్మ రావాలి, ఆ కొమ్మకు ఎండ తగలాలి. ఈ రెండూ కత్తిరింపుతోనే సాధ్యం.

కోత అయ్యాక ఎండాకాలంలో రేగు ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏప్రిల్ నుంచి మే లోపు, కొత్త చిగురు రాకముందే, పోయిన ఏడాది కొమ్మలను దాదాపు సగానికి కత్తిరించాలి. నేలకు ఆనేవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఎండినవి, లోపలికి పెరిగేవి పూర్తిగా తీసేయాలి. కత్తిరించాక చెట్టు కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం అక్కడక్కడా కనిపించాలి. వానలు పడ్డాక వచ్చే కొత్త కొమ్మలన్నింటికీ అప్పుడు వెలుగు అందుతుంది. వేటు బొటనవేలి కన్నా లావుగా ఉంటే అక్కడ బోర్డో పేస్టు పూయండి.

గుబురుగా వదిలేసిన రేగులో వెలుగు, గాలి లోపలికి పోవు. చలికాలం మొదలయ్యేసరికి పూత మీద, పిందెల మీద తెల్లటి బూడిద తెగులు కనిపిస్తుంది. తెగులు కనిపించగానే నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. ఎండ తీవ్రంగా ఉన్న వేళ కొడితే ఆకు మాడుతుంది, సాయంత్రం పూట కొట్టండి. ఏటా కత్తిరించే చెట్టుకు ఈ తెగులు బెడద తక్కువ.

పండు ఈగకు కూడా ఎండే మందు. పురుగు పట్టి రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పూడ్చాలి. పురుగు కాయలోంచి నేలలోకి దిగి కోశంగా మారుతుంది. వేసవిలో కత్తిరింపు అయ్యాక చెట్టు కింద నేలను తవ్వి తిరగేస్తే ఆ కోశాలు ఎండకు మాడిపోతాయి, కొన్నింటిని పక్షులు ఏరుకుంటాయి.

గట్టు మీద మొలిచిన అడవి రేగును పీకకండి. మార్చి, ఏప్రిల్‌లో దాన్ని మొదలుకు కొద్ది ఎత్తులో కోసి, వచ్చే చిగుళ్లలో బలమైన ఒకటి రెండు ఉంచి, జూన్, జూలైలో గోలా, ఉమ్రాన్, సేబ్ వంటి మంచి రకం కన్ను అంటు కట్టవచ్చు. వేరు ముందే లోతుగా దిగి ఉంటుంది కాబట్టి వర్షాధారంలోనూ నిలుస్తుంది. అంటు కట్టాక మొదలు నుంచి వచ్చే అడవి చిగుళ్లను తీసేస్తూ ఉండాలి. లేకపోతే అవి అంటు మీద నీడ వేసి దాన్ని అణచేస్తాయి.

నేరేడు

నేరేడు మొలక కొంత నీడను ఓర్చుకుంటుంది. తల్లి చెట్టు కింద గుంపులుగా మొలకలు కనిపించేది అందుకే. కానీ పెరిగే కొద్దీ దానికి నిండు ఎండ కావాలి. ఇతర చెట్ల మధ్య ఇరుకున పెరిగిన నేరేడు ఎండ కోసం నిటారుగా సాగిపోతుంది. కాయ అంతా చిటారున ఉంటుంది. రాలితే పగిలిపోతుంది, కోద్దామంటే అందదు. నేరేడు కొమ్మ పెళుసు, చూడడానికి గట్టిగా ఉండి హఠాత్తుగా విరుగుతుంది. ఏటా జూన్‌లో నేరేడు చెట్టెక్కి పడి నడుము విరిగేవారు ఉంటారు. పది కిలోల పండ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. చెట్టు కింద వల లేదా పాత చీరలు కట్టి, పొడవు కర్ర కొక్కెంతో కొమ్మ ఊపి రాల్చుకోండి.

కొత్తగా నాటేవారు అంటు మొక్కలను 25 నుంచి 30 అడుగుల దూరంలో నిండు ఎండలో నాటి, 3 అడుగుల ఎత్తులో తల తుంచి, నాలుగు వైపులకు నాలుగు కొమ్మలు పెంచుకుంటే చెట్టు గొడుగులా విస్తరిస్తుంది. నేరేడు పూత ఎక్కువగా ఆకు రాలిన పాత కొమ్మల మీద, చెట్టు లోపలి భాగాల్లో వస్తుంది. అందుకే లోపలికి వెలుగు పోయేలా కోత తర్వాత అడ్డదిడ్డంగా ఉన్న కొమ్మలను తీసేయాలి.

లేత మొక్కకు నీడ, కాపు మొక్కకు ఎండ

కాపు మొక్కకు ఎండ కావాలన్నాం కదా అని నర్సరీ మొక్కను తెచ్చిన రోజే మండుటెండలో పెట్టకూడదు. సగం నీడ ఇచ్చే వలల కింద పెరిగిన మొక్క ఆకులు పలుచగా ఉంటాయి. ఒక్కసారిగా ఎండ తగిలితే అంచులు మాడి, ఆకు రాలి, కొన్ని చచ్చిపోతాయి. రైతు మొక్క మంచిది కాదనుకుంటాడు. ఇలా చేయండి:

- తెచ్చాక మొదటి వారం చెట్టు నీడలో ఉంచండి.
- రెండో వారం ఉదయపు ఎండ 2 నుంచి 3 గంటలు తగిలే చోటికి మార్చండి.
- మూడో వారం మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి, ఆ తర్వాత మబ్బు పట్టిన రోజు చూసి సాయంత్రం నాటండి.
- మొదటి వేసవిలో మొక్కకు పడమర, నైరుతి వైపు తాటాకు లేదా కంది కట్టె అడ్డం పెట్టండి. వానలు రాగానే తీసేయండి.

విత్తనం నుంచి వాక్కాయ పెంచేవారు ఆగస్టు, సెప్టెంబరులో బాగా పండిన కాయల నుంచి గింజ తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. నిల్వ ఉంచితే మొలక శక్తి త్వరగా తగ్గిపోతుంది. అడవి నుంచి తెచ్చుకునేవారు పండ్లు మాత్రమే తీసుకోండి, కొమ్మలు నరకవద్దు, మొక్కలు పెకలించవద్దు.

ఎండ ఎక్కువైనప్పుడు

చాలా ఏళ్లుగా గుబురుగా ఉన్న పెద్ద చెట్టును వేసవిలో ఒకేసారి బోడిగా కత్తిరిస్తే, ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఎండకు పగిలిపోతుంది. ఆ పగుళ్లలో పురుగు, తెగులు చేరతాయి. అలాంటి చెట్టును రెండు మూడేళ్లలో కొంచెం కొంచెంగా పలుచన చేయాలి. పడమటి ఎండ నేరుగా తగిలే మొదలుకు సున్నం పూస్తే బెరడు కాలదు. ఎండ ఎక్కువ తగిలే మొక్కకు నీరు కూడా ఎక్కువ ఖర్చవుతుంది. పాదులో ఎండు గడ్డి, వేరుశనగ పొట్టు వంటివి నాలుగు వేళ్ల మందాన, మొదలుకు జానెడు దూరం వదిలి పరిస్తే తేమ నిలుస్తుంది.

మీ కంచె నీడ ఎవరి పంట మీద పడుతుంది?

ఒక ఎకరం, రెండు ఎకరాలు ఉన్న రైతుకు గట్టు నీడ కూడా లెక్కే. 6 అడుగుల వాక్కాయ కంచె నీడ డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరం వైపు 5 అడుగుల దాకా పడుతుంది. యాసంగిలో ఆ 5 అడుగుల్లో శనగ, వేరుశనగ, కూరగాయలు బలహీనంగా ఉంటాయి. మీ దక్షిణపు గట్టు మీద కంచె పెడితే నీడ మీ పొలంలోనే పడుతుంది. ఉత్తరపు గట్టు మీద పెడితే పక్క రైతు పొలంలో పడుతుంది. గట్టు తగాదాలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. నాటే ముందే పక్క రైతుతో మాట్లాడి, గట్టుకు మీ వైపు 3 అడుగులు లోపలికి నాటి, ఎత్తు 4 నుంచి 5 అడుగులు దాటకుండా ఉంచుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. నేరేడు లాంటి పెద్ద చెట్టును పొలం ఉత్తరపు గట్టు మీద పెట్టాలంటే ఆ అవతల రోడ్డో, వాగో, బీడో ఉన్న చోటే పెట్టండి. అప్పుడు చలికాలపు నీడ ఎవరి పంట మీదా పడదు.

ఏ నెలలో ఏం చేయాలి?

- డిసెంబరు: నీడలు ఎక్కడిదాకా పడుతున్నాయో చూసి కొత్త మొక్కల చోట్లకు కర్రలు పాతండి. వాక్కాయకు కత్తెర ఆపండి.
- జనవరి, ఫిబ్రవరి: రేగు కోత. కాపు ఉన్న వైపు, లేని వైపు తేడా రాసుకోండి. రాలిన కాయలు ఏరండి.
- మార్చి, ఏప్రిల్: అడవి రేగు మొదళ్లు అంటు కోసం కోయండి. లేత మొక్కలకు పడమర వైపు అడ్డం కట్టండి.
- ఏప్రిల్, మే: రేగు కత్తిరింపు, చెట్టు కింద తవ్వకం, మొదళ్లకు సున్నం.
- జూన్, జూలై: నేరేడు కోత, ఆ తర్వాత కొమ్మలు పలుచన చేయడం. రేగు అంట్లు. ఎండకు అలవాటు చేసిన మొక్కలు, డిసెంబరులో గుర్తు పెట్టిన చోట్ల నాటడం. ప్రతి గుంతకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు.
- ఆగస్టు, సెప్టెంబరు: వాక్కాయ కోత, తాజా గింజ విత్తడం. తీగలు తీసేయడం.
- సెప్టెంబరు, అక్టోబరు: వాక్కాయ కత్తిరింపు. అడుగు వెడల్పు, పైన సన్నం.
- అక్టోబరు, నవంబరు: రేగులో బూడిద తెగులు గమనించండి.

గట్టు మీది పొద కాయలేదని ఈ ఏడాది పీకేయాలనుకుంటున్న వారు ఒక్క ఏడాది ఆగండి. దాని మీద పడే నీడను తీసి, సరైన నెలలో కత్తిరించి చూడండి. దీనికి అయ్యే ఖర్చు ఒక పూట కూలి, పదునైన కత్తెర మాత్రమే. నీడ తీసిన వైపు కాయ పెరిగితే కారణం మీకే తెలుస్తుంది. అప్పటికీ మార్పు రాకపోతే మట్టి పరీక్ష చేయించి, మీ మండల ఉద్యాన అధికారిని గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించండి. ఫోన్‌లో సలహా కావాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేసే ముందు ఏ వైపు కాయ ఉంది, ఏ వైపు లేదు, రోజుకు ఎన్ని గంటలు ఎండ తగులుతోంది అన్నది చెప్పగలిగేలా సిద్ధంగా ఉండండి. ఆ రెండు వివరాలు తెలిస్తే సగం సలహా అక్కడే దొరుకుతుంది.